కుళ్ళు మలుపు

కొండ దిగే రోడ్డులో ఆఖరి మలుపుని మా వాళ్ళు కుళ్ళు మలుపు అంటారు. పగలు చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఓ పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ, మధ్యలో రోడ్డు.

రాత్రయితే మాత్రం... ముందు వాసన వస్తుందంట. చచ్చిన చేప వాసన. దగ్గర్లో చెరువు లేదు, కాలవ లేదు. చేప ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ వాసన వెనకాలే కాలి కింద బ్రేకు మెత్తబడుతుందంట. పచ్చి మాంసం ముద్ద మీద కాలేసినట్టు... తొక్కేకొద్దీ లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

తెల్లారాక ఎవరైనా వెళ్ళి తొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంటుంది. అందుకే అది దెయ్యం పనే అన్నారు అందరూ. నేనూ అన్నాను.

ఆ మలుపులోనే ఆరేళ్ళ కింద మా బావ తమ్ముడు వ్యానుతో సహా లోయలో పడి చనిపోయాడు. బావంటే మా అక్క మొగుడు, మెకానిక్కు. నుజ్జయిపోయిన ఆ వ్యానులోకి బావే దూరి, చేత్తో బ్రేకు నొక్కి చూశాడంట. గట్టిగానే ఉంది. ఏ లోపమూ లేదు. అప్పట్నుంచి బావ చీకటి పడ్డాక ఆ రోడ్డెక్కలేదు... మొన్నటిదాకా.

ఈమధ్య జరిగింది బావ నాకు చెప్పాడు. నేను వాళ్ళ షెడ్డు పక్క కొట్లో సీట్లకి కవర్లు కుడతాను. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలకి కరుచుకుని పాకినట్టుంటుంది. ఇంజను బాగానే ఉంది, బ్రేకులే నలభై ఏళ్ళ నాటివి. వాటిని తీసేసి కొత్తరకం పెద్దవి వెయ్యమని తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండ దిగుతానని ఆ పిల్లకి మాటిచ్చాడంట.

చక్రాలు విప్పగానే బావ రెండడుగులు వెనక్కేశాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో ఎలక గూడు. అందులో ఎండిపోయిన పిల్లలు, వేలెడంతవి, బ్రేకు పొడి అంటుకుని నల్లగా. గ్రీజులో బొచ్చు. ముందు గొట్టాలు ముట్టుకుంటే జిగురు.

"మాస్టారూ, ఇది కారు కాదండీ, ఎలకల హాస్టలు" అన్నాడు బావ.

"ఖాళీ చేయించి ఇవ్వు నాయనా" అన్నాడు ఆయన ముక్కు మూసుకుని.

బావ వారం రోజులు వేరే బండి ముట్టుకోలేదు. ముందు పక్క పెద్ద డిస్కులు, గాలాడే రకం, వేశాడు. డిస్కుని పట్టి ఆపడానికి నాలుగు పిస్టన్ల కాలిపర్లు. రబ్బరు గొట్టాలు తీసేసి స్టీలు అల్లిక ఉన్నవి. వెనక డ్రమ్ములు కూడా తీసేసి డిస్కులే. అక్క అన్నం తినడానికి రమ్మని మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ కదిలేవాడు కాదు.

"ఈ బ్రేకుల్ని ఏ దెయ్యమూ పట్టుకోలేదురా" అన్నాడు నాతో. తమ్ముడి మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ఎవరు ఏ పని చేసినా, ఆఖర్న బ్రేకు ఆయిలు పోసేది మాత్రం మామయ్యే. అంటే బావ వాళ్ళ నాన్న. షెడ్డు ఆయనది, చుట్టుపక్కల బళ్ళన్నీ వచ్చేది అక్కడికే. చేతి మీద కొలత ఉందని, ఇంకెవరు పోసినా ఒలకబోస్తారని, బండివాళ్ళు కొని తెచ్చిన ఆ సీసా ఎవరినీ ముట్టుకోనివ్వడు.

మామయ్యకి పారెయ్యడం అంటే పడదు. ఒంకర్లు పోయిన మేకులు కొట్టి సరిచేస్తాడు. టీలో ఈగ పడితే వేలితో తీసి, ఆ వేలు చొక్కాకి తుడుచుకుని, తాగేస్తాడు. ఒకసారి నా ముందే అలా తాగాడు. నేను బయటికెళ్ళి కక్కుకున్నాను. "కుర్రాడికి సుకుమారం ఎక్కువ" అని నవ్వాడు.

శనివారం సాయంత్రం మామయ్య ఆయిలు పోసి మూత పెట్టాడు.

"రేపు పొద్దున మాస్టారు పిల్లతో వెళ్తాడు. రాత్రికి నేనొకసారి దిగి చూసొస్తా" అన్నాడు బావ.

మామయ్య ఆ మూత ఇంకోసారి బిగించాడు. తర్వాత మెల్లగా, "రాత్రెందుకురా..." అన్నాడు.

"అది వచ్చేది రాత్రేగా."

తొమ్మిదింటికి బావ కొండ మీద కారు తిప్పి దిగడం మొదలెట్టాడు. రోడ్డు మీద పురుగు లేదు. లైట్ల వెలుగు నాలుగు బారల దూరం... ఆ తర్వాత నలుపు. లోయ పక్కకి చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడంట.

భయం కదా. బ్రేకు మీద కాలు వేసిందే, తియ్యలేదు. మొదటి మలుపు... రెండోది... ఐదోది. కారు మెత్తగా, చెప్పినట్టు వింటోంది.

ఏడో మలుపు దాటాక వాసన వచ్చింది.

ముందు కాస్త... తర్వాత ముక్కులోంచి గొంతులోకి దిగింది. చేప. ఎండలో మూడు రోజులు మగ్గిన చేప. నోట్లో ఉమ్ము ఊరి, మింగబుద్ధి కాక, కిటికీలోంచి ఉమ్మేశాడు.

అప్పుడు కాలి కింద... మెత్తగా అయింది.

తొక్కాడు. దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. నేలకంటా దిగింది. "లోపల ఎవరో పడుకుని ఉన్నట్టురా... వాళ్ళ పొట్ట మీద తొక్కుతున్నట్టు" అన్నాడు నాతో. చెబుతూ కాలు వెనక్కి లాక్కున్నాడు.

ఎదురుగా ఆఖరి మలుపు. తమ్ముడు పోయిన చోటు.

బావ గేరు దించాడు. ఇంకోటి దించాడు. ఇంజను అరిచింది. హ్యాండ్‌బ్రేకు పైకి గుంజి, స్టీరింగు గోడ వైపు తిప్పేశాడు. రాయి, రేకు రాసుకుంటూ... రాసుకుంటూ... ఆగింది. ముందు చక్రానికీ లోయకీ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు.

చాలాసేపు దిగలేదు. ముక్కు నిండా ఆ కంపు. అరగంట గడిచింది. ఎందుకు తొక్కాడో ఆయనకే తెలీదు, తొక్కాడు.

రాయిలా ఉంది.

"తమ్ముడి వ్యానులో ఎట్లా ఉందో అట్లానే ఉంది" అన్నాడు. అక్కడే ఏడ్చాడంట. ఏడుస్తూనే... మెకానిక్కు కదా, టార్చి తీసి బోనెట్ ఎత్తాడు.

వాసన మలుపులోంచి రావడం లేదు. కారులోంచి వస్తోంది.

బ్రేకు ఆయిలు డబ్బా మూత పక్క నుంచి పొంగి కారింది. మూత తీశాడు. పొద్దున మెరిసేలా కడిగిన డబ్బా అది. ఇప్పుడు అందులో మురిక్కాలవ నీళ్ళలాంటి నల్లటి పులుసు. పైన తేలుతూ సన్నగా... ఒక ఆకుపచ్చ దారం.

ఆ దారం ఎక్కడిదో బావకి తెలుసు. అత్తయ్య పాత ఆకుపచ్చ జాకెట్టుది. మామయ్య ఆ గుడ్డ ఎప్పుడూ భుజాన వేసుకునే ఉంటాడు.

బావ మొదటి గేరులో మెల్లగా కొండ దిగి, సరాసరి షెడ్డుకొచ్చాడు. మామయ్య పడుకోలేదు, బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. కొడుకుని చూసి లేచాడు. బావ ఆయన్ని దాటుకుని వెనక గదిలో, ఆయిలు సీసాలు దాచే బీరువా తాళం పగలగొట్టాడు.

కింది అరలో ఒక కుండ. కుండ మూతికి ఆ జాకెట్టుదే ఇంకో ఆకుపచ్చ ముక్క కట్టి ఉంది. బళ్ళలోంచి తీసేసిన పాత ఆయిలు వడగట్టే కుండ. ఆ గుడ్డ మీద పేరుకున్న మడ్డి... ఈగ రెక్కలు, జుట్టు, బంకలాంటి నలుపు. ఇంకా చెప్పబోతే నేనే చాలన్నాను.

బ్రేకు తొక్కితే చక్రాన్ని పట్టేది ఆయిలు తోపుకే. పాత ఆయిలు నీళ్ళు పీల్చుకుని ఉంటుందంట. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తియ్యకపోతే చక్రాల దగ్గర వేడికి మరిగి, చేప కంపు కొడుతూ ఆవిరవుతుంది. ఆవిరిని తొక్కితే ఏముంటుంది, మెత్తగా దిగిపోతుంది. చల్లారితే మళ్ళీ మామూలే. పగలు జనం ధైర్యంగా కాలు తీస్తూ దిగుతారు. రాత్రి భయంతో తియ్యరు. ఎంత భయపడితే అంత మరుగుతుంది. అదీ మన దెయ్యం.

పై అరలో మూత తియ్యని కొత్త సీసాలు, వరసగా పద్నాలుగు. జనం తెచ్చిచ్చినవే.

"పారేస్తే ఎట్లారా..." అన్నాడు మామయ్య గుసగుసగా. "వడగడితే బాగానే ఉంటుంది కదా. కొత్తవి అవసరానికి ఉంటాయని..."

"తమ్ముడి వ్యానుకి ఏం పోశావు నాన్నా?"

మామయ్య బీరువా తలుపు మూయబోయాడు.

బావ సీసాలు ఒక్కోటీ తీసి బల్ల మీద పెడుతున్నాడు. పదకొండో దానికి ఆగిపోయాడు. మూత మీద పెన్నుతో వ్యాను నంబరు రాసి ఉంది. తమ్ముడి రాత. ఎవరూ మార్చకుండా గుర్తుకోసం తనే రాసి, తండ్రి చేతికిచ్చాడు.

సీలు అలాగే ఉంది.

మర్నాడు బావ ఆ కారు గొట్టాలన్నీ కడిగి, ఒక కొత్త సీసా తన చేత్తో విప్పి పోశాడు. గీతలు పడ్డ తలుపు చూపించి జరిగింది చెబితే మాస్టారు బావ చెయ్యి పట్టుకున్నాడంతే. వారం ఆగి మనవరాలితో దిగాడు. ఏ వాసనా రాలేదు.

ఇప్పుడు ఎవరి బండికీ రావడం లేదు. అయినా రాత్రి ఆ మలుపు దాటినవాళ్ళు కొత్తమాట చెబుతున్నారు. చీకట్లో గోడ వారగా ఒక ముసలాయన నిలబడి ఉంటాడంట. మాట్లాడడు. ఆకుపచ్చ గుడ్డ ఒకటి పైకెత్తి, నెమ్మదిగా వెళ్ళమని ఊపుతూ ఉంటాడు. చూసినవాళ్ళు హడలిపోయి, బండి మెల్లగా పోనిచ్చి వెళ్ళిపోతారు.

అది దెయ్యం కాదని నేను ఎవరికీ చెప్పను.

అక్క రోజూ రాత్రి అన్నం డబ్బా కట్టి నాకే ఇస్తుంది, బావ వెళ్ళడు కాబట్టి. నేను తీసుకెళ్ళి గోడ మీద పెట్టి, దూరంగా నిలబడతాను. మామయ్య తినేసి, ఆ గుడ్డతోనే డబ్బా లోపలంతా తుడిచి ఇస్తాడు.

నేను ఇంటికెళ్ళి మూడుసార్లు తోముతాను. వాసన పోదు.