నెమ్మది యంత్రం

పదో తరగతి గదిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

డాక్టర్ ముక్తేశ్వరరావు వెనక గోడకు ఆనుకుని నిలబడి, చేతిలోని రిమోట్ నొక్కుతున్నాడు. ఆయన నొక్కినప్పుడల్లా పిల్లల ఫోన్లకు మెసేజులు వచ్చి పడుతున్నాయి. ఒక ఫోను బల్ల మీద గిలగిలా కొట్టుకుంది. ఇంకోటి సినిమా పాట అందుకుంది. పిల్లలెవరూ తల తిప్పలేదు. బోర్డు దగ్గర కాంతి వక్రీభవనం చెబుతున్న హైమావతి టీచరే పాఠం ఆపి వాళ్ళను వింతగా చూసింది. పక్క బెంచీలో పెన్ను కింద పడినా అందరూ అటు తిరిగే క్లాసు అది.

డాక్టర్ ముందు బెంచీలోని అమ్మాయి దగ్గరకొచ్చాడు. "నీ ఫోను మోగింది, విన్నావా అమ్మా?"

"విన్నానండి," అంది గంగాభవాని.

"మరి చూడలేదేం?"

"చూడాలనిపించలేదండి."

డాక్టర్ సంతోషంగా పైకి చూపించాడు. సీలింగుకు బిగించిన, పళ్ళెమంత తెల్లటి బిళ్ళలో సన్నటి నీలం దీపం వెలుగుతోంది. దాని పేరు నెమ్మది.

గౌతమీపురం కొత్త ఊరు. పెద్ద వరదలో మునిగిపోయిన లంక గ్రామాల వాళ్ళకోసం మెరక మీద కట్టారు. ఆ వరదరోజున స్కూళ్ళలో చిక్కుకుపోయిన పిల్లల్ని చాలామందిని ఫోన్ల ఆధారంగానే వెతికి పట్టుకున్నారు. అందుకే ఈ ఊళ్ళో ఏ తల్లీ తండ్రీ పిల్లల చేతిలో ఫోను లేకుండా బడికి పంపరు. గేటు దగ్గర ఫోన్లు తీసుకుంటామని హెడ్మాస్టరు కామేశం గారు ఒకసారి అంటే, ఊరంతా ఆయన మీదికి వచ్చింది. టీచర్లదేమో వేరే బాధ. బల్ల కింద ఫోను, బల్ల పైన పుస్తకం. పాఠం గోడలకు చెప్పుకోవాల్సిందే. క్లాసులో ఫోను ఉండకూడదని మీటింగుల్లో అందరికంటే గట్టిగా వాదించింది హైమావతే. గదిగదికీ నెమ్మది వచ్చాక ఆ తగువు తీరిపోయింది. ఫోను పిల్లల దగ్గరే ఉంటుంది, పాఠమూ సాగుతుంది.

"సిగ్నల్ ఆపుతుందా ఇది?" అని, డాక్టర్ ఫోన్లు మోగించి చూపించిన రోజున హైమావతి అడిగింది.

"ఆపితే మీ ఊరివాళ్ళు నన్ను బతకనిస్తారా?" డాక్టర్ నవ్వాడు. "ఫోను మోగగానే మెదడులో ఒక చిన్నచోట అలజడి పుడుతుంది. ఎవరో, ఏమిటో, చూడాలి అన్న ఆత్రం. ఈ యంత్రం పంపే మాగ్నెటిక్ పల్స్ ఆ చోటును జోకొడుతుంది, అంతే. గది దాటి బయటికెళ్తే మళ్ళీ ఎప్పటిలాగే ఉంటారు. చెడ్డేమీ లేదు."

చెడ్డేమీ కనిపించలేదు కూడా. రెండు నెలలు తిరిగేసరికి జిల్లాలో ఆ బడి పేరు మారుమోగింది. హైమావతికి గొంతు చించుకోవాల్సిన పని పోయింది. సాయంత్రం ఇంటికి వెళ్ళాక కూడా ఆమెకు హాయిగా నిద్ర పట్టేది.

గంగాభవాని తల్లి నూకరత్నం బడి వెనక వీధిలోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఉబ్బసం మనిషి. తండ్రి వరదలోనే పోయాడు. తల్లీకూతుళ్ళిద్దరే ఉండేవాళ్ళు. "ఆయాసం ఎక్కువైతే పిల్లకి ఫోన్ చేస్తానండి, పరిగెత్తుకొచ్చేస్తాది," అని ఆమె ఒకసారి హైమావతితో ధైర్యంగా చెప్పుకుంది కూడా.

వర్షాకాలం చివర్లో ఒక పొద్దున, పాఠం మధ్యలో భవాని ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఆ పిల్ల ఫోను వైపు చూసింది. తర్వాత బోర్డు వైపు చూసి లెక్క రాసుకుంది. ఫోను ఆగకుండా మోగుతూ, వణుకుతూ బల్ల అంచుకు జరిగింది. హైమావతి పాఠం చెబుతూనే దగ్గరికెళ్ళింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. ఆమె చదివింది. కింద పడి పగులుతుందేమోనని ఫోనును మెల్లగా బల్ల మధ్యకు జరిపి, వచ్చి మిగతా లెక్క చెప్పింది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. గడప దాటి వరండాలోకి అడుగుపెట్టిన భవాని ఉన్నచోటే నిలబడిపోయింది. చేతిలో ఫోను చూసుకుంది. మరుక్షణం ఆ పిల్ల గేటు వైపు పరుగెత్తడం హైమావతి చూసింది. తనూ అప్పుడే గది బయటికొచ్చింది. తెర మీద తను చదివిన పేరు అప్పుడు తట్టింది. చెప్పులు వదిలేసి ఆ పిల్ల వెనకాలే పరుగెత్తింది.

నూకరత్నం మిషను పక్కన నేల మీద ఉంది. ఫోను చేతిలోనే ఉంది. ఒళ్ళింకా పూర్తిగా చల్లబడలేదు.

విచారణ జరిగింది. ఫోను గంట వినబడింది, పేరు కనబడింది, యంత్రం ఎవర్నీ ఆపలేదు, దానిలో లోపమేమీ లేదని తేల్చారు. డాక్టర్ ముక్తేశ్వరరావు మాత్రం స్టాఫ్‌రూములో హైమావతి ముందు తలొంచుకుని కూర్చున్నాడు.

"ఫోను మీది ఆత్రం ఒక్కటే తగ్గించాననుకున్నానమ్మా. మెదడుకు ఫోనని వేరే ఏమీ లేదు. ఎవరో పిలుస్తున్నారు అన్నదే దానికి తెలుసు. నేను జోకొట్టింది దాన్ని."

"నేను చేత్తో జరిపానండీ దాన్ని. అమ్మ అన్న పేరు చదివి మరీ పక్కకి జరిపాను," అంది హైమావతి.

యంత్రాలన్నీ పీకించాలని ఆమె పట్టుబట్టింది. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. "జరిగింది జరిగిపోయింది. పిల్లలు ఇప్పుడిప్పుడే చదువుకుంటున్నారు, పాడుచెయ్యకండి," అన్నారు. ఫోన్ల కోసం పోట్లాడినవాళ్ళే ఆ మాట అన్నారు. చివరికి కామేశం గారు, పదో తరగతి గదిలో ముందు ఆపేద్దాం, మిగతావి మెకానిక్ వచ్చాక మీరు చెప్పినట్టే విప్పిద్దాం, ఊళ్ళో మాట నేను పడతాను అన్నారు.

తల్లి పెద్దకార్యం అయ్యాక భవాని బడికొచ్చింది. పిన్ని ఇంట్లో ఉంటోంది. తన బెంచీలో కూర్చుని సీలింగు వైపు చూసింది. నీలం దీపం లేదు. చుట్టూ పిల్లలు మళ్ళీ బల్లల కింద ఫోన్లు చూసుకుంటున్నారు. ఏదో ఒక ఫోను మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఆ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుంది. మధ్యాహ్నానికల్లా బెంచీ ఖాళీగా ఉంది.

హైమావతి బడంతా వెతికింది. చివరికి తొమ్మిదో తరగతి గదిలో, చిన్నపిల్లల మధ్య వెనక బెంచీలో కనబడింది. ఆ గదిలో యంత్రం ఇంకా పనిచేస్తోంది. భోజనాల బెల్లు కొట్టగానే పిల్లలంతా బయటికి పరుగెత్తారు. భవాని కదల్లేదు.

"భవానీ, రామ్మా. అన్నం తిందువుగాని," గడప బయటే నిలబడి పిలిచింది హైమావతి.

"ఇక్కడ ఉంటాను టీచర్."

"అది మంచిది కాదమ్మా. ఆ యంత్రం వల్లే కదా..."

"తెలుసు టీచర్." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. "బయట ఎప్పుడూ మోగుతానే ఉంటాది. పడుకున్నా మోగుతాది. ఇక్కడైతే మోగినా నాకేమీ అనిపించట్లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడుంటే, రాత్రికి ఎలాగో ఓర్చుకుంటాను."

హైమావతికి గుండె చెరువైంది. చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురావాలని గడప దాటింది.

రెండడుగులు వేసేసరికి, ఇన్నాళ్ళుగా ఆమెకు నిద్ర పట్టనివ్వనిదేదో ఆగిపోయింది. ఒంటి మీద తడిగుడ్డ కప్పినట్టు చల్లగా అనిపించింది. తను ఎందుకొచ్చిందో ఆమెకు గుర్తుంది. నూకరత్నం గుర్తుంది. కానీ అవన్నీ ఎప్పుడో చదివేసిన పాఠంలా ఉన్నాయి. ఆమె భవాని పక్కన కూర్చుంది. బెంచీ మీద పుస్తకం తెరిచి ఉంది.

"ఇది అర్థం కాలేదు టీచర్," అంది భవాని. హైమావతి పెన్సిలు తీసుకుని బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టింది.

వరండాలో నిచ్చెన చప్పుడయ్యింది. మెకానిక్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "మేడం, హెడ్మాస్టరు గారు మిమ్మల్నడగమన్నారండి. ఏ గదుల్లోవి విప్పెయ్యమంటారు?"

హైమావతి తలెత్తి నీలం దీపాన్ని చూసింది.

"ఏదీ విప్పొద్దు బాబూ. వీలైతే పదో తరగతిదీ వేసి వెళ్ళు," అంది.

అతను సరేనని నిచ్చెన భుజానికెత్తుకుని పదో తరగతి గది వైపు వెళ్ళాడు.