వారం రోజుల సెలవు

వడ్రంగి అన్న పొద్దున్నే పనిసంచి భుజాన వేసుకుని గడప దాటబోతుంటే చెల్లెలు ఒక కవరు చేతిలో పెట్టింది.

"దారిలో ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చెయ్ అన్నయ్యా. రాజీనామా."

ఆమె అక్కడ సర్జను. పిత్తాశయం తీసే ఆపరేషన్లో ఆమె కత్తెర పక్కనున్న నాళానికి తగిలింది. అక్కడికక్కడే పెద్ద డాక్టర్ని పిలిచి సరిచేయించినా, రోగి ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆయనొక బడిపంతులు. గండం గడిచాక డాక్టరమ్మ ఇంటికొచ్చి తలుపేసుకుంది. వారమైంది.

ఏడో తరగతిలోనే బడి మానేసి, రంపం పట్టి చెల్లెల్ని చదివించిన అన్నకి కడుపు మండింది.

"నా వేళ్ళ మీద గాట్లు చూడు. ఒక చెక్క పాడైందని నేను పని మానేశానా?"

"చెక్కకి పెళ్ళాం పిల్లలుండరు అన్నయ్యా."

వంటింట్లోంచి వదిన వచ్చింది. "ఇక నావల్ల కాదు. ఆ ఫోన్ సంగతి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నా ఫోనా వదినా? అన్నయ్య రిపేరుకిచ్చానన్నాడుగా."

"రిపేరూ లేదు, పాడూ లేదు. బీరువాలో ఉంది. పంతులుగారి భార్య రోజూ చేస్తోంది."

అన్న తల దించుకున్నాడు. "తిట్టడానికే అనుకున్నాను. ఒక్కసారీ ఎత్తలేదు."

చెల్లెలు ఫోన్ తెచ్చి, ఆ నంబరుకి చేసి, స్పీకర్ పెట్టి, నిలబడే మాట్లాడింది.

"ఎక్కడికి పోయావమ్మా?" అంది అవతలి గొంతు. "ఇవాళ కుట్లు విప్పాలట. మా ఆయన ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. పొరపాటు నాదేనని ఎదురుగా వచ్చి చెప్పింది ఆ పిల్ల ఒక్కతే, ఆమె వస్తేనే అని మొండికేశాడు. నేనూ మొదట్లో నిన్ను తిట్టుకున్నాను, అబద్ధమెందుకు. వస్తావా మరి?"

"వస్తానండీ."

ఫోన్ పెట్టేసి నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కాపాడుతున్నాననుకుంటూ, ఆమెకు అందాల్సిన మాటని తానే గుమ్మంలో ఆపేశానని అన్నకి అప్పుడు తెలిసింది.

"తప్పయిపోయిందే."

"అయితే నువ్వూ ఈ అన్న ఉద్యోగానికి రాజీనామా ఇస్తావా?" అంది చెల్లెలు, ముక్కు తుడుచుకుంటూ.

ఆసుపత్రి వరండాలో అన్న గంటసేపు నిలబడ్డాడు. చివరికి ఆమె బయటికొచ్చింది.

"ఏమన్నాడు?"

"నెమ్మదిగా లాగమని కసిరాడు. క్లాసులో పిల్లల్నీ ఇలాగే కసురుతాడట."

"చేతులు?"

"మొదటి కుట్టుకి వణికాయి. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను."

అన్న గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పద, ఆకలేస్తోంది" అంది చెల్లెలు.

ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో.