తలా పిడికెడు పొగ

గ్యాస్ కంపెనీ గుమస్తా లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు, చుట్టూ సెంటు వాసన. బిగుసుకున్న గుప్పిట్లో ఒక ఫోటో.

ఆ ఫోటోని చీఫ్ బల్ల మీదుగా ఇవతలికి తోశాడు. ఇవతల కూర్చున్నది ఏజెంట్ సున్నా. పని ముగించాక వెనక ఏ ఆనవాలూ మిగల్చడని ఆఫీసులో ఆ పేరు పెట్టారు.

"ఉక్కు ఫ్యాక్టరీ సంగతి తెలుసుగా? సరుకు విదేశాలకి, పొగ మనకి. ఇన్నాళ్ళకి కొనేవాళ్ళు దారికొచ్చారు. ఎవరు వాడుకునే ఉక్కో, దాని కార్బన్ వాళ్ళ లెక్కలోనే. ఎంత పొగైతే ఫిల్టర్ల ఖర్చులో అంత వాటా. ఇవాళ మధ్యాహ్నం చిమ్నీ దగ్గర ఇరుపక్షాల ముందూ కొలత."

"మంచిదేగా సార్."

"మంచిదే, మెషీన్ నిజం చెప్తే. దాన్ని ముందుగా ఒక సిలిండర్ గ్యాస్‌తో సరిచూస్తారు. వెల్వెట్ ముఠా ఆ సిలిండర్ మార్చేసింది. చీటీ మీద పది శాతం కార్బన్ డయాక్సైడ్. లోపలున్నది ఇరవై. రెండు కిలోల రాయి మీద ఒక కిలో అని రాసి తూచినట్టు. ఇక అది ఏం చూసినా సగమే చూపిస్తుంది. ఆ సిలిండర్‌ని దేశంలోకి తెచ్చింది ఈ ఫోటోలోని గడ్డంవాడు. వాడి సంగతి తర్వాత. కొలత ఆగిందా, కొనేవాళ్ళు ఒప్పందం నుంచి జారుకుంటారు. ఆగకూడదు, తప్పకూడదు. వెళ్ళు."

సున్నా ఫోటో చూశాడు. ఆ గడ్డంవాడు తనే.

పోయిన వారం ఓడలో పెట్టుడు గడ్డంతో ముత్యాల వ్యాపారి వేషం. డెక్ మీద మిస్ వెల్వెట్, ఆమె సెంటు వాసన. "మా అమ్మకి ఆయాసం. ఈ ఆక్సిజన్ సిలిండర్ మీ సామాన్లలో పెట్టుకుంటారా? మిమ్మల్నైతే కస్టమ్స్‌వాళ్ళు ఆపరు." ఆమె మన మనిషేనని డిపార్ట్‌మెంట్ అతనికి చెప్పింది. ముఠా మనిషి కూడానని చెప్పలేదు. స్వయంగా భుజాన మోసుకొచ్చాడు, మహానుభావుడు.

'నేనే సార్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. చిమ్నీ దగ్గర మెషీన్ నడిపేది పరాయివాడు కాదు, అక్క మొగుడు. మోసం బయటపడితే జైలుకెళ్ళేది ఆ బావే. పాపం తనది, బేడీలు బావవి. దారి పొడుగునా అతని మనసు అతన్ని పొడుచుకు తింది.

ఫ్యాక్టరీలోకి ఫ్రిజ్ ఉన్న ట్రాలీ తోసుకుంటూ వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళకి అతను ఫ్రిజ్‌ల సేల్స్‌మన్. ఆ ఫ్రిజ్‌లో నిఖార్సయిన సిలిండర్ ఉంది.

"ఏరా, ఇక్కడ కూడా అమ్మకమేనా?" అన్నాడు బావ నవ్వుతూ.

"ఆఫీసులకీ ఇస్తున్నాం బావా. మెషీన్ సరిచేశావా?"

"పొద్దున్నే. రెండు పక్షాలూ సీలు కూడా వేసేశాయి. ఇక బ్రహ్మదేవుడొచ్చినా ముట్టుకోడానికి లేదు. ఫిల్టర్లు వస్తే మీ అక్క మేడ మీద తెల్ల దుప్పట్లు ఆరేస్తుందట. ఇప్పుడు ఏది ఆరేసినా సాయంత్రానికి బొగ్గుగుడ్డే. నా చేత్తో తీసిన అంకెరా, పిల్లలకి చెప్పుకుంటా."

సున్నాకి తల కొట్టేసినట్టయింది. బావ మొహం చూడలేక బూట్ల వంక చూశాడు.

ఇనుప మెట్లెక్కి విదేశీ బృందం వచ్చింది. నాయకుడి పక్కన దుభాషిగా మిస్ వెల్వెట్. ఆమె సున్నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"గడ్డం లేకపోతేనే బాగున్నారు. నోరు విప్పితే తెచ్చిందెవరో చెప్తాను. అప్పుడు మీరూ, మీ బావా ఒకే జైలు గదిలో."

నాయకుడు చెయ్యెత్తాడు. బావ గొట్టాన్ని చిమ్నీకి బిగించబోతున్నాడు. వెల్వెట్ సెంటు సీసా తీసింది. లిఫ్టులో శవం దగ్గరి సెంటు వాసన సంగతి సున్నాకి గుర్తొచ్చింది. గుండెల నిండా ఊపిరి పీల్చి బిగబట్టాడు. సీసా బుస్సుమంది. అతను ముక్కు మూసుకుని ఒక్క దూకు దూకి, బావ చేతిలోని గొట్టం లాక్కుని అందులోకి ఊదాడు.

తెర మీద అంకె వెలిగింది. రెండున్నర.

"పిచ్చా నీకు?" అన్నాడు బావ.

"మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ నూటికి నాలుగు పాళ్ళుంటుంది," అన్నాడు సున్నా ఆయాసపడుతూ. "బిగబట్టి వదిలితే ఐదు. ఈ మెషీన్ సగం చూపిస్తోంది. అనుమానముంటే మీరూ ఊదండి."

నాయకుడు ఊదాడు. రెండు. ఇంకొకాయన ఊదాడు. రెండే.

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. "సిలిండర్ పెట్టింది నేనే," అన్నాడు.

వెల్వెట్ నవ్వింది. నోరు మూసుకుంటే సున్నా ఉద్యోగం, పరువు, పేరు అన్నీ పదిలం. బావ తప్ప.

"పెట్టింది ఆయనే, తెచ్చింది నేను," అన్నాడు సున్నా అందరికీ వినబడేలా. "ఈవిడ ఇచ్చింది, వెధవలా మోసుకొచ్చాను. ఆయనకేమీ తెలీదు."

కాపలావాళ్ళు వెల్వెట్ సీసా లాక్కున్నారు. ఇరుపక్షాల ముందూ సీలు విప్పి, ఫ్రిజ్‌లోంచి మంచి సిలిండర్ తీసి బావ మళ్ళీ సరిచూశాడు. ఈసారి అంకె సరిగ్గా వచ్చింది. సంతకాలయ్యాయి. పోతూ పోతూ బావ అన్నాడు, "మీ అక్కకి నువ్వే చెప్పుకో. నేను చెప్పను."

చీఫ్ ముందు సున్నా రాజీనామా కాగితం పెట్టాడు. "ఆ గడ్డంవాడిని నేనే సార్."

"తెలుసు. ఆ గడ్డం మన స్టోర్‌లో నేను సంతకం పెట్టి ఇప్పించిందే."

"మరి ముందే అడగలేదేం?"

"తప్పు చేసినవాడు పరిగెత్తినట్టు ఇంకెవడు పరిగెడతాడయ్యా?" చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయినా ఆవిడ మన మనిషని నీకు చెప్పింది నేనే. ఆ గుమస్తా రక్షణ అడిగితే రేపు చూద్దామన్నదీ నేనే. తిలాపాపం తలా పిడికెడు."

చీఫ్ ఆ కాగితాన్ని చింపి బుట్టలో వేశాడు.

"అన్నట్టు, కొనేవాళ్ళు కబురు పెట్టారు. ఉక్కు పొగంతా వాళ్ళ లెక్కలోనే రాసుకున్నారట. ఆ గొట్టంలో ఊదిన ఊపిరి మాత్రం ఎవరిదని అడుగుతున్నారు."

"నాదే రాయమనండి సార్," అన్నాడు సున్నా. "ఆ ఒక్కటైనా ఎవరి నెత్తినా రుద్దను."