రీకాల్‌కి కాపలా

"ఈసారి నువ్వు కాపాడాల్సింది మనిషిని కాదు. రబ్బరు ముక్కని," అన్నాడు పెద్దాయన.

ఉడుము నవ్వలేదు. పెద్దాయన జోకులకి నవ్వితే బ్రీఫింగ్ ఇంకో గంట సాగుతుందని పదిహేనేళ్ళ సర్వీసులో నేర్చుకున్నాడు. అతని అసలు పేరు ఫైళ్ళకే తెలుసు. పట్టు పడితే వదలడు గనక ఉడుము అన్నది ఈ పెద్దాయనే. తండ్రి లేని కుర్రాడని చేరదీసి, పిస్టల్ పట్టడం నేర్పి, పెళ్ళిలో తండ్రి స్థానంలో నిలబడింది కూడా ఆయనే. ఆ మనిషి దూకమంటే ఉడుము లోతెంతో అడిగేవాడు కాదు.

తెర మీద అరచేతిలో ఇమిడే వాల్వ్ ఒకటి వెలిగింది.

"హెవీ ట్రక్కుల ఎయిర్ బ్రేక్ వాల్వ్. దిగుడులో ఫెయిలవుతోందని ఇంటెలిజెన్స్. కంపెనీ చేత రీకాల్ ప్రకటింపజేశాం. పాతది తీసి కొత్త కిట్ వేస్తారు. శుక్రవారం పదకొండింటికి పన్నెండు ట్యాంకర్లు విమాన ఇంధనంతో కొండ దిగి రేవుకి వెళ్ళాలి. అవతలి దేశపు ముఠా ఒకటి ఈ రీకాల్‌ని ఆపాలని చూస్తోంది. వాళ్ళ ఏజెంట్ వర్క్‌షాప్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఉంది. అందగత్తె. జాగ్రత్త."

"అందగత్తెలంటే నాకు భయం లేదు సర్."

"నాకు మీ ఆవిడంటే భయం. వెళ్ళు. నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడకు."

కొండ మీద వర్క్‌షాప్‌లో ఉడుము బ్రేక్ ఫిట్టర్‌గా చేరాడు. మోచేతుల దాకా గ్రీజు, చొక్కా గుండీలో మాటలన్నీ రికార్డు చేసే మైకు. మొదటి రోజే అసలు చిక్కు ఎదురైంది. లీడ్ ట్యాంకర్ డ్రైవర్ స్వయానా అతని బావ, అక్క మొగుడు.

"ఏంట్రా బామ్మర్దీ! గవర్నమెంటు ఉద్యోగం ఊడి ఇక్కడ తేలావా?"

"డెప్యుటేషన్ బావా. నీ బండికి కిట్ వేయించుకో ముందు."

"నా బ్రేకులకేం రోగం? పన్నెండేళ్ళుగా ఈ దిగుడు దిగుతున్నా. నువ్వు పుట్టకముందు..."

"నేను పుట్టకముందు నీకు లైసెన్సు కూడా లేదు. అక్క మీద ఒట్టు, వేయించుకో."

డ్రైవర్లందరూ బావ వంకే చూస్తున్నారు. బావ గొణుక్కుంటూ సరేనన్నాడు. ఆ వెనకే పదకొండు మందీ క్యూ కట్టారు. వర్క్‌షాపుల్లో ఒక ఆనవాయితీ ఉంది. పాత పార్టు చేతిలో పెడితేగాని డ్రైవర్ కొత్తది వేశారని నమ్మడు. రీకాల్‌లో పాతవన్నీ వెనక్కి పంపాలని రూలున్నా, ముసలి ఫిట్టర్ అలవాటు కొద్దీ పాత వాల్వ్‌ని కొత్తదాని డబ్బాలో పెట్టి బావ చేతికిచ్చాడు. బావ దాన్ని ఉడుము సంచిలోకి తోశాడు.

"మీ అక్కకి చూపించు. నేను చెప్తే నమ్మదు మహాతల్లి."

మూడు రోజులు ఉడుము కిట్ల పెట్టెలకి కాపలా కాశాడు. ఇన్‌స్పెక్టర్ మేడమ్ రెండుసార్లు స్టోర్‌లో దూరబోతే రెండుసార్లూ అడ్డుపడ్డాడు. ప్రతి సాయంత్రం పెద్దాయన పంపిన వ్యాను వచ్చి పాత వాల్వులన్నీ ఎత్తుకెళ్ళేది. అంతా పకడ్బందీగా ఉందని ఉడుము పొంగిపోయాడు. పిచ్చి సన్నాసి!

శుక్రవారం పదిన్నరకి ఆమె మూడోసారి దొరికింది. స్టోర్ తలుపు పగలగొట్టి, కొత్త వాల్వ్‌ని టెస్ట్ బెంచి మీద బిగించి, హీట్ గన్‌తో వేడి చేస్తోంది.

"చేతులెత్తండి మేడమ్," అన్నాడు ఉడుము పిస్టల్ తీసి.

ఆమె వెనక్కి తిరగలేదు. "ముందు ఈ ముల్లు చూడండి. తరవాత కాలుద్దురుగాని."

ప్రెషర్ గేజి ముల్లు వణికి, ఆగిపోయింది. ఆమె పెడల్ తొక్కింది. ముల్లు కదల్లేదు. మళ్ళీ తొక్కింది. ఉహూఁ.

"వేడెక్కితే లోపలి రబ్బరు ఉబ్బి గాలిని మింగేస్తుంది. చదునైన రోడ్డు మీద బంగారంలా పనిచేస్తుంది. దిగుడులో పది నిమిషాలు తొక్కితే బ్రేకుండదు. హ్యాండ్ బ్రేక్ వాల్వ్ కూడా ఇదే కిట్‌లో మార్చారు. ముఠా రీకాల్‌ని ఆపడం లేదండీ, నడిపిస్తోంది. నేను వాళ్ళ జీతం తీసుకుంటూ మన విజిలెన్స్‌కి రిపోర్ట్ చేస్తున్నాను."

"అబద్ధం. పాతవి పాడయ్యాయి."

"పాడైంది ఒక్కటైనా మీ కళ్ళతో చూశారా? చూపించండి. మూడు రోజులుగా ఒక్క పాత వాల్వ్ కోసం చస్తున్నాను, ఒక్కటీ మిగల్చలేదు."

ఉడుము పిస్టల్ దించకుండానే సంచిలోంచి డబ్బా తీశాడు. బెంచి మీద బిగించారు. వేడి చేశారు. ఇంకా వేడి చేశారు. ముల్లు హాయిగా పైకీ కిందికీ ఆడింది. పాత వాల్వ్‌కి ఏ రోగమూ లేదు.

ఫోన్ తీసి, స్పీకర్‌లో పెట్టి పెద్దాయనకి చేశాడు.

"సర్, కొత్త కిట్లు..."

"ట్యాంకర్లు బయల్దేరాయా?"

ఆ ప్రశ్నతోనే ఉడుముకి సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"మొదటి బండిలో మా బావ ఉన్నాడు సర్."



"తెలుసురా. అందుకే నిన్ను వేశాను. నీ మాట మీద మీ బావ వేయించుకుంటే మిగతావాళ్ళు నోరెత్తరు."

"ఎందుకు సర్?" గొంతు పసిపిల్లాడిలా పలికింది.

"ముప్పై ఏళ్ళు పనిచేసినా ఇక్కడ ఎవరికీ కనబడలేదురా నేను. అవతలివాళ్ళు మొదటి రోజే చూశారు." లైన్ కట్టయింది.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఉడుముకి ఆ క్షణాన తెలిసింది. ఏడుపొచ్చింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అంతకన్నా మంట పెట్టిన సంగతి ఇంకోటుంది. ఆ కంచెకి మూడు రోజులు కాపలా కాసింది తనే.

"మీ గుండీ ఇవ్వండి," అంది మేడమ్. "ఆయన మాటలన్నీ అందులో ఉన్నాయి. ఏడవడానికి తరవాత టైముంటుంది. మీ బావ ఏడీ?"

యార్డ్‌లో పదకొండు ట్యాంకర్లే ఉన్నాయి. పద్ధతి ప్రకారం ఒకటి కింద రేవు గేటు దాటాకే రెండోది కదలాలి. బావకి ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందు బయల్దేరే జబ్బు.

మేడమ్ బైకు తీసింది. ఉడుము వెనక కూర్చున్నాడు. కొండ ముప్పాతిక వంతు దిగేసరికి ట్యాంకర్ కనిపించింది. హారన్ ఆగకుండా మోగుతోంది. కిటికీలోంచి బావ చెయ్యి ఊపుతూ ఎదురొచ్చే కార్లని పక్కకి తప్పుకోమంటున్నాడు. బ్రేకు పోయింది! దిగువన రేవు గేటు, గేటు వెనక చమురు ట్యాంకులు, ఆ పక్కనే ఇళ్ళు.

మేడమ్ ఒక చేత్తో పిస్టల్ తీసింది. "టైర్లు కాల్చనా?"

"అమ్మా తల్లీ! వెనకున్నది విమాన ఇంధనం! బైకుని క్యాబిన్ వెనక్కి ఆనించండి."

మూడు రోజుల ఫిట్టర్ వేషం ఒక సంగతి నేర్పింది. ఇంజిన్ బండి నుంచి వెనక ట్రైలర్‌కి ఎర్ర పైపులో గాలి వెళ్తుంది. ఆ గాలి ఉన్నంతసేపే ట్రైలర్ చక్రాలు తిరుగుతాయి. గాలి పోతే స్ప్రింగులు వాటిని పట్టేస్తాయి. రీకాల్ కిట్లు ఇంజిన్ బండ్లకే వేశారు, ట్రైలర్లని ఎవరూ ముట్టుకోలేదు. ట్రైలర్ విప్పేటప్పుడు రోజూ చేత్తో తిప్పి ఊడదీసే పైపే అది.

ఉడుము దూకాడు. ఒక కాలు మెట్టు మీద పడింది, రెండోది గాల్లో వేలాడింది. ఎర్ర పైపు చివర రెండు చేతులా పట్టి తిప్పాడు. రాలేదు. ఇంకో మలుపు. గేటు కాపలావాళ్ళు పరిగెత్తడం కనిపించింది. పళ్ళు బిగించి, పెద్దాయన మొహం తలుచుకుని తిప్పాడు.

బుస్సుమంటూ గాలి మొహాన కొట్టింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. పొగ. ట్యాంకర్ రోడ్డంతా ఈడ్చుకుంటూ వెళ్ళి, గేటుకి మంచం పొడుగు దూరంలో ఆగింది.

బావ దిగాడు. రోడ్డు మీదే చతికిలపడ్డాడు. ఉడుము పక్కనే కూలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నా మాట వినే కదా బావా నువ్వు..."

"ఊరుకోరా. నీకు తెలిసి చేశావా?" అన్నాడు బావ. ఉడుముకి ఆ ఓదార్పు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

మధ్యాహ్నానికి పదకొండు బండ్ల కిట్లూ ఊడదీశారు. పెద్దాయనని ఆయన కుర్చీలోనే అరెస్టు చేశారు. తీసుకెళ్ళేటప్పుడు ఉడుము గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఒక్కమాటైనా అంటాడని చూశాడు. ఆయన తలుపు వంక చూసినట్టే అతని వంక చూసి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మేడమ్ ఒక కాగితంతో వచ్చింది. ఇబ్బందిగా నిలబడింది.

"ఆయన తయారుచేసిన ఏజెంట్లందరినీ డ్యూటీలోంచి వెనక్కి పిలుస్తున్నారండీ. తనిఖీ అయ్యేదాకా. మీరు చేసింది నేను రాశాను, అయినా రూలు..."

ఉడుము ఐడీ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పేం లేదు మేడమ్. పదిహేనేళ్ళు ఆయన చేతిలో తయారైన సరుకుని. నన్ను ఒకసారి విప్పి చూసుకోవాలని నాకే ఉంది."