చెక్క తరుగు

పొద్దున్నే పెట్టిన పళ్ళెం ఖాళీగా తిరిగి రావడం ఏ ఇంట్లోనైనా శుభవార్తే. దాణా వ్యాపారి ఇంట్లో మాత్రం కొన్నాళ్ళుగా అది అంతుపట్టని వ్యవహారమైంది.

కూతురు వెనక గుమ్మంలో కూర్చునే తింటానంటుంది. అక్కడ గాలి బాగుంటుందంటుంది. తల్లి ఉడికిన గుడ్లు, రొట్టె, గ్లాసు నిండా పాలు ఇచ్చి పంపుతుంది. కాసేపటికి పళ్ళెం తుడిచినట్టు తిరిగొస్తుంది. పిల్ల మాత్రం రోజురోజుకీ నారలా అయిపోతోంది. మొన్నటిదాకా బిగుతుగా ఉన్న గాజు ఇప్పుడు మోచేతిదాకా జారుతోంది.

వ్యాపారికి ఇది లెక్కకు రాలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయనకు తెలిసిన విద్య ఒకటే. వచ్చిన సరుకెంత, పోయిన సరుకెంత, మిగలాల్సింది ఎంత. సరుకు గాల్లో కలిసిపోదు. ఒకచోట తగ్గిందంటే ఇంకోచోట చేరే ఉంటుంది.

"అంత తింటోంది, తిన్నదంతా ఏమవుతోంది?" అని భార్యను అడిగాడు.

"డాన్సుకి పోతోంది. పొద్దునా సాయంత్రం అలా గెంతుతూ ఉంటే ఒంట్లో ఏం నిలుస్తుంది?"

"బండి లాగే ఎద్దుకి దాణా పెంచుతాం కదా. ఇంకో గుడ్డు వెయ్యి."

"మీకు ఎద్దయినా పిల్లయినా ఒకటే."

"ఎద్దయితే నయం. నోరు తెరిచి పళ్ళు చూసేవాణ్ణి."

ఆ పిల్లను ఇంట్లో బొంగరం అంటారు. నడక వచ్చిన కొత్తలో కింద కొట్లో దాణా బస్తాల మధ్య గిర్రున తిరిగి, కళ్ళు తిరిగి, బస్తా మీద పడి నవ్వేది. తిరగడం ఎలాగూ మానదు, పద్ధతిగా తిరగనీ అని ఆయనే డాన్స్ స్కూల్లో చేర్పించాడు. ఇది ఆఖరి సంవత్సరం. చివర్లో పెద్ద ప్రదర్శన ఉంది. అందులో ప్రధాన పాత్ర బొంగరానిదే. ఆ కబురు తెచ్చిన రోజు మెట్లన్నీ ఎగురుతూనే ఎక్కింది.

ఇప్పుడు అవే మెట్లు గోడ పట్టుకుని ఎక్కుతోంది.

ఆ మధ్యాహ్నం డాన్స్ టీచర్ స్వయంగా కొట్టుకు వచ్చింది. బొంగరం ఆమె భుజం మీద వాలి ఉంది. వ్యాపారి గబగబా కుర్చీ లాగాడు.

"తిరుగుతూ తిరుగుతూ మధ్యలో కూలబడింది. పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదట."

"అదెలా అండీ? పొద్దున మూడు గుడ్లు తింది."

టీచర్ ఆయన వంక, పిల్ల వంక మార్చి మార్చి చూసింది. పిల్ల నేల చూపులు చూస్తోంది.

"తిన్న ఒళ్ళు ఇలా ఉండదండీ. ఇదివరకు ఎగిరి దిగితే పిల్లి దిగినట్టుండేది. ఇప్పుడు మోకాళ్ళు వణుకుతున్నాయి. ఇలాగే ఎగరనిస్తే ఏదో ఒక రోజు మోకాలు పోతుంది. అది పోతే ఇక డాన్సే ఉండదు. ముందు డాక్టరుకి చూపించండి. కాళ్ళలో బలం వస్తే పాత్ర తనదే. రాకపోతే ఇంకో అమ్మాయికి ఇవ్వక తప్పదు. రెండు వారాలు ఆగుతాను."

టీచర్ వెళ్ళగానే వ్యాపారి కొట్టు తలుపులు మూసేశాడు. పట్టపగలు ఆయన తలుపులు మూయడం వీధి ఎప్పుడూ చూడలేదు.

"చాలు. ఒళ్ళు గుల్ల చేసుకునే విద్య మనకొద్దు. నష్టం వస్తున్న సరుకుని ఎంతకాలం మోస్తాం?"

"డాన్సు సరుకు కాదు నాన్నా."

"మరి ఆ గుడ్లేమయ్యాయి? అది చెప్పు ముందు."

బొంగరం మేడ మీదికి వెళ్ళి తలుపు వేసుకుంది. భార్య ఆయన మీద విరుచుకుపడింది.

"మీరే చేర్పించారు, మీరే మానిపిస్తారు. మధ్యలో దాని మనసులో ఏముందో అడిగారా?"

"అడిగాను కదా, గుడ్లేమయ్యాయని."

"అడగాల్సింది గుడ్ల సంగతా?"

ఇంకేం అడగాలో ఆయనకు నిజంగానే తెలియలేదు.

సాయంత్రం డాక్టరు పరీక్ష చేసి, "జబ్బేమీ లేదు, తిండే లేదు" అన్నాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిండి పెడుతున్న ఇంట్లో తిండి లేకపోవడమేమిటి?

మర్నాడు పొద్దున వెనక వసారాలో పళ్ళు తోముకుంటూ ఉంటే వీధికుక్క ఒకటి ఆయన కంటపడింది. మొన్నటిదాకా డొక్కలు లెక్కపెట్టేలా ఉండే కుక్క. ఇప్పుడు దాని ఒళ్ళు నిగనిగలాడుతోంది, నడకలో దర్జా వచ్చింది. నేరుగా వచ్చి ఆయన ఇంటి వెనక గుమ్మం ముందు, తెలిసిన కొట్టు తెరిచేదాకా కాచుకునే పాత ఖాతాదారులా కూర్చుంది.

ఆయన చేతిలో బ్రష్షు ఆగిపోయింది. సరుకు ఎక్కడ చేరిందో తెలిసింది. ఎందుకు చేరిందో మాత్రం తెలియలేదు.

తలుపు చాటున నిలబడ్డాడు. బొంగరం పళ్ళెంతో వచ్చింది. గుడ్లు కుక్కకు వేసింది. రొట్టె తుంచి వేసింది. పాలు మొక్కల్లో పోసింది. మిగిలిన ఒక రొట్టె ముక్కను ముక్కు దాకా తెచ్చుకుని, వాసన చూసి, అదీ వేసేసింది. తర్వాత చెప్పులు విడిచి, కొట్టు వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆయన వెనకే వెళ్ళాడు. బస్తాలు తూచే పెద్ద కాటా మీద నిలబడి ఉంది కూతురు. నేలమీద చెక్క బిగించిన పలక, పక్కన నిలువు స్తంభం, దానికి అడ్డంగా అంకెలు చెక్కిన కమ్మీ, కమ్మీ మీద జరిపే గుండు. తాతల నాటి కాటా. పిల్ల ఊపిరి బిగబట్టి గుండు జరుపుతోంది. కమ్మీ నిలిచింది. అంకె చూసి కళ్ళు తుడుచుకుంది.

"కుక్కకి పెట్టి నువ్వు పస్తులుంటున్నావా తల్లీ?"

బొంగరం ఉలిక్కిపడింది గాని దిగలేదు.

"నాకు ఆ పాత్ర కావాలి నాన్నా. ఇంత లావుగా ఉంటే ఎలా వేస్తాను?"

"లావా? ఎవరు?"

"నేనే. నువ్వే చూడు."

ఆయనకు మతిపోయింది. ఈ పిల్ల పిచ్చిదో, తన కళ్ళు పిచ్చివో అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి కమ్మీ మీద అంకె చూశాడు. చూడగానే అలవాటు కొద్దీ మనసులోనే చెక్క తరుగు తీసేశాడు. తీసేసి అక్కడే కొయ్యబారిపోయాడు.

"ఎప్పటినుంచి ఎక్కుతున్నావు దీన్ని?" గొంతు తగ్గించి అడిగాడు.

"ప్రదర్శన డ్రెస్సు పట్టనప్పటినుంచి. వెనక హుక్కులు అందలేదు. ఇద్దరమ్మాయిలు నవ్వారు. కుట్లు విప్పిస్తాలే అంది టీచర్. నాకు నవ్వే వినిపించింది. ఆ రోజునుంచి కొంచెం తగ్గించి తిన్నాను. తగ్గాను కూడా. తర్వాత ఒక ఆదివారం ఆకలి ఆగలేక కడుపు నిండా తిన్నాను. మర్నాడు చూస్తే ఇంత పెరిగింది. ఒక్క పూటకే. అప్పట్నుంచి తినాలంటేనే భయం. ఎంత మాడినా మొదట ఉన్న అంకెకైనా రావడం లేదు."

ఆ ఆదివారం ఆయనకు బాగా గుర్తుంది. కాటా పలక అంచు తుప్పు పట్టి పెచ్చులూడి బస్తాలు చింపుతోంది. బాగుచేసేవాడు రేపు మాపు అంటున్నాడు. కొట్టుకు సెలవు కదా అని ఆయనే కూర్చుని, పలక మీద మందపాటి చెక్క బిగించాడు. ఆ చెక్క బరువు ప్రతి తూకంలోనూ తీసేయాలి. కొనేవాళ్ళందరికీ "చెక్క తరుగు పోను ఇంత" అని నోరు నొప్పెట్టేలా చెబుతూనే ఉన్నాడు.

"నీ కాళ్ళ కింద ఆ చెక్క నేను పెట్టిందే తల్లీ. దాని బరువు కూడా నీ లెక్కలో పడుతోంది."

"కాటా కదా, అది తీసేసే చూపిస్తుందనుకున్నాను. వీధిలో అందరూ నీ కాటా తప్పు చూపదంటారుగా."

ఆయన వచ్చేపోయే వాళ్ళందరికీ తరుగు చెప్పాడు. ఆ కాటాను అందరికంటే ఎక్కువగా నమ్మిన కూతురికి మాత్రం చెప్పలేదు. గడ్డపలుగు తెచ్చి చెక్క కింద దూర్చాడు. మేకులు కీచుమంటూ లేచాయి. ఆ చప్పుడుకు భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఇప్పుడెక్కు."

బొంగరం ఎక్కింది. ఆయన గుండును వెనక్కి జరిపాడు. ఇంకా జరిపాడు. కమ్మీ నిలిచిన చోటు చూసి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళ కిందట పిల్ల బరువు అంతే ఉండేది.

"అయితే నేను లావవలేదా?" బొంగరం ఆ అంకెనే చూస్తూ అడిగింది. సంతోషమో భయమో ఆ మొహంలో తేలలేదు.

"లేదమ్మా."

మళ్ళీ తనే అడిగింది. "చెక్క లేకుండా కూడా ఆ ఎక్కువ అంకే వచ్చుంటే? అప్పుడు నేను మాడడం సరైనదేనా?"

వ్యాపారి చెక్క తీసేయడంతో బేరం ముగిసిందనుకున్నాడు. అసలు బేరం ఇదని తెలియలేదు. గుండును కమ్మీ మీద అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డాడు.

"నాకు తెలిసింది చెబుతాను. బస్తాకైతే తూకం చూస్తాం. అది కదలదు గనుక. ఎద్దును కొనేటప్పుడు ఎవడైనా కాటా ఎక్కిస్తాడా? నడిపించి చూస్తాడు. నిన్న మీ టీచరు చూసింది అదే. నీ తూకం కాదు, నీ మోకాలు."

"మళ్ళీ ఎద్దేనా నాన్నా?"

"నా కొట్లో ఉన్న పోలికే నేను తేగలను."

తల్లి పిల్లను చేయి పట్టి కిందికి దించింది. "గెంతి గెంతి భుజాలు గట్టిపడ్డాయి, వీపు విచ్చుకుంది. అందుకే డ్రెస్సు పట్టలేదు. బట్టకి కుట్లు విప్పుకోవచ్చు. ఎముకలకి ఎక్కడ విప్పుతావే?" అంటూనే ఏడ్చేసింది. తల్లి భుజంలో మొహం దాచుకుని బొంగరం కూడా ఏడ్చింది.

"టీచర్ ఆగుతుందా అమ్మా? రెండు వారాల్లో బలం వస్తుందా?"

"ఏమో. ముందు నువ్వు తిను. తర్వాత కాళ్ళనే అడుగుదాం."

తల్లి మళ్ళీ పళ్ళెం తెచ్చింది. ఊడదీసిన చెక్కను వ్యాపారి గుమ్మం పక్కన వాల్చి పీటలా వేశాడు. బొంగరం దాని మీద కూర్చుని గుడ్డు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు దాన్నే చూసింది. ఇద్దరూ అటు చూడనట్టే నటించారు. చివరికి కొరికింది.

కుక్క తోక ఊపుతూ దగ్గరికొచ్చింది.

"నీ ఖాతా మూసేశాం, పో," అన్నాడు వ్యాపారి.

బొంగరం రొట్టె అంచు కొంచెం తుంచి దాని ముందు వేసింది. మిగతాది తన నోట్లో పెట్టుకుంది.

"అది తరుగులే నాన్నా," అంది నిండు నోటితో.