గుమ్మటం కింద తెగిన పోగు

కురుమూర్తికి నోటి శుభ్రం ఎక్కువ. ఒకరి ఎంగిలి గిలాస ముట్టడు. హోటల్ల చాయ్ తాగితే ఇంటికొచ్చి మూడుసార్లు పుక్కిలిస్తడు. గసుంటి మనిషి ఆ రోజు ఏం చేసిండో వింటే మీకు అన్నం సయించదు, ముందే చెప్తున్న.

ఎనభై ఎనిమిదో సంవత్సరం, ఎండకాలం. గద్వాల సావుకారి అతన్ని పిలిచి, అందరి చీరల మీద అదే కోట కొమ్మంచు, అదే హంస, చూసి చూసి విసుగొచ్చింది, శనివారం లోపల కొత్త అంచు గీసుకొని రాకపోతే నీ మగ్గం ఇంకొకరికి ఇస్త అన్నడు. ఆ మగ్గం పోతే కురుమూర్తి ఇంట్ల పొయ్యి వెలగదు. మల్దకల్ అవతల పాడుబడ్డ మసీదు ఉందని, రూం దేశం నుంచి, అంటే టర్కీ నుంచి, వచ్చిన మేస్త్రి కట్టిండని, ఆ గోడల మీది పువ్వులు ఇంకెక్కడ లేవని ఎవరో చెప్పిన్రు. గళ్ల కాగితాలు, పెన్సిలు సంచిల వేసుకొని పొద్దున్నే బస్సెక్కిండు. తిరిగొచ్చేసరికి పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు, వేళ్లకు ఉమ్మి తడి చేసి మెలేసి, అతికి పెడతనని పెండ్లాం నీలవేణి మగ్గం కాడ కూర్చుంది.

మసీదు చూసి కురుమూర్తి నోరెళ్లబెట్టిండు. మన దిక్కు గుమ్మటాల లెక్క ఉల్లిగడ్డ తీరు కాదు. బోర్లించిన బోగాని తీరుగ ఒకటే పెద్ద గుమ్మటం, చుట్టూ సగం సగం గుమ్మటాలు భుజాలానించి దాన్ని మోస్తున్నయి. లోపల నడుమ ఒక్క కంబం లేదు. గుమ్మటం మొదట్ల వరసగా చిన్న కిటికీలు. వాటిలకెల్లి వెలుగు దిగుతుంటే అంత బరువు గాలిల నిలబడ్డట్టే ఉంది. కట్టినోని చేతులకు మొక్కాలె అనుకున్నడు.

కాపలా చూసుకునే ముసలాయన సుభాన్ సాబ్ అంతా తిప్పి చూపించి, ఉత్తరం గోడ కాడ ఆగిండు. ఎప్పుడో కలరా గత్తర వచ్చిన ఏడు ఆ గోడ కూలిందట. మేస్త్రి చెక్కిన రాళ్లనే మళ్ల పేర్చి, సందుల్ల సున్నం పెట్టిన్రట. సున్నం పగలకుండా జనుము కలపాలె. గోడ మళ్ల కట్టించిన గుత్తేదారు జనుము కొనలేదు. గత్తరల పోయిన ఆడోళ్ల జడలు కోయించి కలిపిండు. తెలిసినంక అక్కడ నమాజు ఆగిపోయింది.

"వెంట్రుకలు బయటికొస్తయి బేటా," అన్నడు సాబ్ గొంతు తగ్గించి. "ప్రతి జుమ్మాకు నేనొచ్చి తెంపుత. నువ్వు ముట్టకు."

నీళ్లు తెస్తనని ఆయన బాయికి పోయిండు.

అన్నిట్ల మంచి పువ్వు ఆ గోడ మీదనే ఉంది. పొడుగు మొగ్గ, వంగిన రెక్కలు, చీర అంచుకని చెప్పి చెక్కించినట్టుంది. కురుమూర్తి కాగితం పట్టుకొని దగ్గరికి జరిగిండు. కుళ్లిన కోడిగుడ్ల వాసన. దాని వెనుక మురిగిన తలనూనె వాసన. గోడకు చెమట పట్టి జిగటగా ఉంది. పువ్వు నడుమ, రాళ్ల సందుల, రెండు నల్ల కొసలు వేలాడుతున్నయి. ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి. తెగిన పోగు లెక్కనే.

తెగిన పోగు కనబడితే నేతగాని చెయ్యి ఊకుంటదా? ఇరవై ఏండ్ల అలవాటు. కండ్లు గళ్లు లెక్కపెడుతున్నయి. వేళ్లు వాటంతట అవే నాలుకకు తగిలినయి, కొసలు పట్టినయి, మెలేసినయి. మెలి గట్టిపడాలని ఇంకోసారి నాలుక మీదికి పోయినయి.

అప్పుడు తెలిసింది రుచి.

ఛీ... జిడ్డు. తీపి. ఎవరిదో పాచి నోరు తన నోట్ల పెట్టినట్టు...

ఉమ్మిండు. మళ్ల ఉమ్మిండు. నాలుక మీద ఏదో ఉంది. గోటితో పట్టి గుంజిండు. వెంట్రుక... వస్తనే ఉంది... గొంతులకెల్లి... మూరెడు. కడుపుల ఉన్నదంతా కక్కిండు. తలెత్తేసరికి అతికిన పోగు మెల్లగ గోడ లోపలికి పోతుంది. లోపలినుంచి ఎవరో గుంజుకుంటున్నట్టు.

వాకిట్ల సాబ్ చేతిల చెంబు జారింది.

"అతికినవా?"

కురుమూర్తి తలూపిండు.

"ఉమ్మి పెట్టి?"

మళ్ల తలూపిండు. ముసలాయన మొఖంల నెత్తురు చుక్క లేదు. "ఉమ్మి దారి పట్టి అది నీ ఇంటికి పోతది. ఇంట్ల ఇంకెవరన్న అతుకుతున్నరా?" అని గుసగుసగా అడిగిండు.

కురుమూర్తి సంచి అక్కడనే పడేసి ఉరికిండు. బస్సుల కూర్చున్నంత సేపు గొంతుల ఏదో కదులుతనే ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు.

దీపాలు పెట్టే ఏళకు ఇల్లు చేరిండు. వాకిట్లనే తగిలింది ఆ తలనూనె వాసన. నీలవేణి మగ్గం కాడ వంగి కూర్చుంది. ఆపమని అరవాలని నోరు తెరిచిండు. గొంతుల ఉన్నది మాటకు అడ్డం పడింది.

"వచ్చినవా?" అంది ఆమె తలెత్తకుండ. "సావుకారి ఇచ్చింది తెల్ల పడుగే గదా? మధ్యాహ్నం నుంచి నల్ల పోగులే వస్తున్నయి. ఎన్ని అతికినా అయిపోతలేవు."

పొద్దున నడుం దాకా ఉన్న ఆమె జడ ఇప్పుడు మెడ కాడికే ఉంది.

"జర తియ్యగున్నయి గదయ్యా," అని నవ్వి, వేళ్లు మళ్ల నాలుకకు తగిలించుకుంది.