ఓదార్పు మీట

వైదేహి భయం ఒకటే. పాపను ఎత్తుకున్నప్పుడు ఎడమ చెయ్యి పట్టు తప్పుతుందని, పాప కిందపడిపోతుందని.

2079లో అనకాపల్లి ఇళ్లలో పాలు కలపడానికి, ఉయ్యాల ఊపడానికి, ఆరిన బట్టలు మడతపెట్టడానికి కూడా యంత్రాలున్నాయి. వైదేహి ఇంట్లోనూ ఉన్నాయి. ఏడ్చే పాపను భుజాన వేసుకోవడానికి మాత్రం అమ్మే కావాలి. ఆ అమ్మకేమో కాన్పయిన వారానికే పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పాపకు పాకడం కూడా వచ్చేసింది, చెయ్యి ఇంకా ఒళ్లో బరువులా అలాగే పడుంది.

ఆసుపత్రివాళ్లు భ్రమతొడుగు ఇచ్చారు. అద్దాలు పెట్టుకుంటే గది మాయమై వర్చువల్ రియాలిటీ, అంటే కల్పితలోకం, కళ్లముందుకొస్తుంది. చేతికి వేసిన తొడుగులోని సెన్సర్లు కండరం ఏమాత్రం కదిలినా పసిగట్టి ఆ లోకంలోని చేతిని కదిలిస్తాయి. మెదడులో పాడైపోయిన దారికి బదులు కొత్త దారి పడాలంటే చేసిన పనే విసుగు లేకుండా చేస్తూ పోవాలని తొడుగుతో ఇచ్చిన కాగితంలో రాశారు.

విసుగు లేకుండానట. ఆ మాట రాసినవాళ్లకు రెండు చేతులూ బాగానే ఉండుంటాయి.

మొదట ఇచ్చిన లోకంలో మల్లెపూలు కొయ్యాలి. వైదేహికి ఒళ్లు మండింది.

"ఈ పూలు నాకెందుకండీ? ఎవరడిగారు?"

తొడుగు తయారుచేసిన ఇంజనీరు తాహెరా తెల్లబోయింది. "మీ అవసరాలు కనుక్కునే చేశాం కదా. మీకు పూలంటే ప్రాణమని మీ అత్తగారే చెప్పారు."

"అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. నాకు పడిపోయింది చెయ్యండీ, నోరు కాదు."

అత్త హన్విక సర్దబోయింది. "వాళ్లడిగినప్పుడు పెద్దదాన్ని నేను చెప్పకపోతే ఏం బాగుంటుందమ్మా?"

ఈసారి తాహెరా ఏం కావాలని వైదేహినే అడిగింది.

"కాళ్లు చాపుకుని పాపను కాళ్లమీద వేసుకోవాలి. కుడిచేత్తో నీళ్లు పోస్తూ ఎడమచేత్తో తల పట్టుకోవాలి. తుడిచి భుజానికెత్తుకోవాలి. అంతే."

కొత్త లోకంలోకి పాప వచ్చింది. మొదట్లో ఆ పాప జారిపోయేది, వైదేహి అద్దాలు విసిరికొట్టేది. రానురాను జారడం మానేసింది. చెయ్యి తలకింద గట్టిగా నిలిచేది, పాపను భుజందాకా తెచ్చేది. వైదేహి నవ్వుతుంటే అత్త కళ్లొత్తుకునేది.

"ఇంక నా పాపను నాకివ్వండి అత్తయ్యా."

"తొందరేముంది, ఇంకొన్నాళ్లు ఆగు."

ఆగి ఆగి విసిగిపోయి, ఒక పొద్దున కల్పిత పాప భుజమ్మీద ఉండగానే వైదేహి కుడిచేత్తో అద్దాలు లాగేసింది.

ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉంది. వేళ్లు మాత్రం కాస్త వణుకుతున్నాయి.

కబురందుకుని వచ్చిన తాహెరా తొడుగును పరీక్షించింది. "ఇందులో ఓదార్పు మీట ఉంది. మనిషి మరీ కుంగిపోయిన రోజున, చేసినదానికన్నా కొంచెం ఎక్కువ చేసినట్టు చూపిస్తుంది. ఆ తర్వాత తగ్గించెయ్యాలి. వేలు కదిపితేనే పాప లేచిందంటే మెదడు ఇంక కష్టపడదు. దీన్ని పైదాకా పెంచేశారు."

"మిషనే పెంచుకుందా?"

"దానికి ఆ అధికారం లేదు. మీట పక్కనుండే వాళ్ల చేతిలో ఉంటుంది."

వైదేహి అత్తవైపు చూసింది. హన్విక దాచలేదు. "నువ్వేడుస్తుంటే చూడలేకపోయానమ్మా. నొక్కితే నవ్వేదానివి. రోజూ కొంచెం కొంచెం నొక్కాను."

"అయితే ఇన్నాళ్లూ నయమైంది ఎవరికి అత్తయ్యా?"



తాహెరా మిగతా ఇళ్లలోని తొడుగుల వివరాలు తెరమీదికి తెప్పించి చూసింది. దాదాపు అన్ని ఇళ్లలోనూ మీట పైకి చేరింది. రోగుల చేతులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. "రోగి ఏడవకూడదు, అదే ముఖ్యమైన అవసరమని సర్వేలో అందరూ చెప్పారు. చెప్పింది రోగులా, ఇంట్లోవాళ్లా అని మేం చూసుకోలేదు."

"దాన్ని సున్నా చెయ్యండి," అంది వైదేహి.

ఆ రోజు కల్పిత పాప జారింది. మళ్లీ జారింది. వైదేహి ఏడ్చింది, తొడుగును తిట్టింది, తాహెరాను తిట్టింది, కళ్లు తుడుచుకుని మళ్లీ కాళ్లు చాపింది. లోపలుంటే తన చెయ్యి మీటమీదికి పోతుందని హన్విక పాపను చంకనేసుకుని వీధిలోకి వెళ్లిపోయింది. ఎన్ని రోజులకో వైదేహి వేళ్లు ఆ చిన్న తలకింద ఒక్క క్షణం ఆగాయి. ఈసారి అద్దాలు తీసి చూసినా చెయ్యి గాల్లోనే ఉంది.

మీట ఉన్న తొడుగులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. మీరెరిగిన వాళ్లెవరైనా అద్దాలు పెట్టుకుని హాయిగా నవ్వుకుంటూ కూర్చుంటున్నారంటే, దయచేసి ఒకసారి వెళ్లి చూసిరండి. అద్దాలు తీయించి, ఆ చేతికి ఒక గ్లాసు అందించండి. పక్కనున్నవాళ్లు పట్టుకోబోతే ఆపండి. పడితే పడనివ్వండి.